ఆసుపత్రి పేజీకి ఫాలోవర్లు పెరిగారు సరే, పేషెంట్లకు ఒరిగిందేంటి?

స్వర్ణలత_పీఆర్ · సోమవారం, ఉదయం 10:14

అందరికీ నమస్తే. నేను ఒక పెద్ద ఆసుపత్రిలో కమ్యూనికేషన్స్ విభాగంలో పని చేస్తాను. మా సోషల్ మీడియా పేజీలు బాగానే నడుస్తున్నాయి. రీల్స్‌కి వ్యూస్ వస్తున్నాయి, డాక్టర్ల ఇంటర్వ్యూలు షేర్ అవుతున్నాయి, కొత్త మెషీన్ వచ్చిందని పోస్టు పెడితే లైకుల వర్షం. మేనేజ్‌మెంట్‌కి సంతోషంగానే ఉంది.

నా బాధ కామెంట్లతో. గుండె ఆరోగ్యం మీద ఎంతో కష్టపడి వీడియో చేస్తే దాని కింద ఇవీ: "మా నాన్న రిపోర్టు ఇంకా రాలేదు", "రిసెప్షన్ ఫోన్ ఎత్తట్లేదు", "సోమవారం సార్ ఉంటారా?", "బిల్లులో ఈ ఐటమ్ ఏంటి?". మేం చెప్పేది ఒకటి, వాళ్లు అడిగేది ఇంకొకటి. వచ్చే ఏడాదికి డిజిటల్ ప్లాన్ రాయమన్నారు. రీల్స్ ఇంకా పెంచుదామని రాస్తే పని సులువుగా అయిపోతుంది. కానీ పేషెంట్‌కి నిజంగా పనికొచ్చేది ఏంటో తెలుసుకుని రాయాలని ఉంది. ఆసుపత్రుల్లో పని చేసేవాళ్లు, చూపించుకునేవాళ్లు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, మొహమాటం లేకుండా చెప్పండి.

---

కోణం · సోమవారం, ఉదయం 10:52

వీడియోలను మరీ తీసిపారేయకండి మేడమ్. ఇక్కడ అందరూ రీల్స్‌ని తిట్టడానికి సిద్ధంగా ఉంటారని తెలుసు కాబట్టి ముందే అడ్డం పడుతున్నాను.

2009లో అమెరికాలో, డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి డాక్టర్లు కిడ్నీలో కణితి తీసే ఆపరేషన్ జరుగుతుండగానే ట్విట్టర్‌లో ఎప్పటికప్పుడు రాశారు. 2012లో హ్యూస్టన్‌లోని మెమోరియల్ హెర్మన్ వాళ్లు ఓపెన్ హార్ట్ సర్జరీని, కొద్ది నెలలకే మెదడు ఆపరేషన్‌ని అలాగే చూపించారు. అక్కడి పెద్ద ఆసుపత్రి మేయో క్లినిక్ అయితే 2010లోనే సోషల్ మీడియా కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రం పెట్టుకుంది. ఇదంతా పబ్లిసిటీయే, కాదనను. కానీ ఆపరేషన్ థియేటర్ తలుపు వెనక ఏం జరుగుతుందో తెలియక భయపడే మనిషికి అది కూడా ఒక సాయమే.

నన్నడిగితే చేయాల్సిన వీడియో "మా దగ్గర ఎంఆర్ఐ ఉంది" అని కాదు. ఎంఆర్ఐలో పడుకుంటే ఎలా ఉంటుందో చూపించేది. ఆ టకటక శబ్దం నిజంగా వినిపించాలి. చెవులకు ఏం పెడతారు, చేతికి ఇచ్చే రబ్బరు బంతి ఎందుకు, నొక్కితే ఏమవుతుంది, లోపల ఉన్నప్పుడు టెక్నీషియన్ మాట వినిపిస్తుందా లేదా, నగలు ఎందుకు తీసేయమంటారు. రెండు నిమిషాలు చాలు. దాన్ని పేజీలో పెట్టి ఊరుకోకుండా, అపాయింట్‌మెంట్ ఖాయమైన మెసేజ్‌లోనే లింకు ఇవ్వాలి. మర్నాడు స్కాన్ ఉన్నవాడికి ఆ వీడియో బంగారం. మిగతావాళ్లు చూశారా లేదా అన్నది నాకైతే లెక్క కాదు.

---

వార్డు12 · సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను సర్జికల్ వార్డులో నర్సుని. కోణం గారు స్కాన్‌కి ముందు సంగతి చెప్పారు. నేను డిశ్చార్జ్ అయ్యాక సంగతి చెప్తాను, ఎందుకంటే మా వార్డుకి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం అవే.

డిశ్చార్జ్ రోజు పేషెంట్ పరిస్థితి ఊహించండి. బిల్లు కౌంటర్ దగ్గర ఒకరు, మందుల దగ్గర ఒకరు, బండి మాట్లాడటానికి ఇంకొకరు. ఆ హడావిడిలో నేను మంచం పక్కన నిలబడి కట్టు గురించి, మందుల గురించి గబగబా చెప్తాను. తల ఊపుతారు. ఇంటికెళ్లేసరికి సగం మర్చిపోతారు. వాళ్ల తప్పేం కాదు. సరిగ్గా అప్పుడు ఫోన్‌కి ఆసుపత్రి నుంచి ఇలాంటి మెసేజ్ వెళ్తుంది:

> "ప్రియమైన కస్టమర్, మీ డిశ్చార్జ్ ప్రక్రియ విజయవంతంగా పూర్తయినది. మీ ఆరోగ్యమే మా ధ్యేయం. మీ అమూల్యమైన అభిప్రాయం కోసం ఈ లింకును నొక్కండి."

అదే మెసేజ్ ఇలా ఉంటే?

> "కుట్లు తీయడానికి గురువారం ఉదయం రండి, రెండో అంతస్తు, సర్జరీ ఓపీ. డాక్టర్ చెప్పేదాకా కట్టు తడవనివ్వద్దు. కుట్ల చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కారినా, జ్వరం 100.4 దాటినా ఆగకండి, ఈ నంబరుకి ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా ఎత్తుతాం."

దీనికి కొత్త యాప్ అక్కర్లేదు, ఏఐ అక్కర్లేదు. ఆపరేషన్‌ని బట్టి ఒక్కో మెసేజ్ ముందే రాసి డాక్టర్‌తో ఓకే చేయించుకుంటే సరిపోతుంది. తేదీ, నంబరు మారిస్తే చాలు. మొదటి రోజు ఒకటి, మూడో రోజు ఒకటి. ఒకేసారి పది సూచనలు పంపితే మళ్లీ చదవరు.

---

కోడ్‌గీత · సోమవారం, మధ్యాహ్నం 2:05

వార్డు12 గారి మాటకి నా వంతు. ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ మీద పని చేసిన అనుభవంతో చెప్తున్నాను: అన్నిటికంటే చవకైనదీ, పని చేస్తుందని రుజువైనదీ మామూలు ఎస్ఎంఎస్ రిమైండర్. దీని మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి 2013లో కోక్రేన్ వాళ్లు (వైద్య పరిశోధనల్ని జల్లెడ పట్టే సంస్థ) సమీక్ష వేశారు. రిమైండర్ పంపితే పంపనప్పటికంటే ఎక్కువమంది అపాయింట్‌మెంట్‌కి వస్తున్నారని, మనిషి ఫోన్ చేసి చెప్పినదానికీ ఎస్ఎంఎస్‌కీ పెద్ద తేడా లేదని తేలింది.

అంతకంటే ఆసక్తికరమైనది లండన్‌లోని బార్ట్స్ హెల్త్ అనే ఆసుపత్రుల సంస్థ వాళ్లు చేసిన ప్రయోగం, 2015లో అచ్చయింది. మెసేజ్‌లో మాటలు మార్చి చూశారు. మామూలు రిమైండర్ పంపినప్పుడు రాకుండా పోయినవాళ్లు 11.1 శాతం. "మీరు చెప్పకుండా మానేస్తే ఎన్‌హెచ్‌ఎస్‌కి సుమారు 160 పౌండ్లు నష్టం" అని (ఎన్‌హెచ్‌ఎస్ అంటే అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ) అంకెతో సహా రాస్తే అది 8.4 శాతానికి దిగింది. ఖర్చు చేసింది ఏమీ లేదు, ఒక్క వాక్యం మార్చారంతే.

అందరికీ అదే వాక్యం పనిచేస్తుందని కాదు. పేషెంట్ సొంత డబ్బు కట్టే చోట "మాకు నష్టం" అంటే తిరిగి తిడతారు :) కానీ మాటలు మార్చి కొలిచి చూడొచ్చు కదా. రీల్స్‌కి థంబ్‌నెయిల్ మార్చి మార్చి పరీక్షిస్తాం, రిమైండర్‌ని మాత్రం ఒక్కసారి రాసి ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తాం.

ఇంకొకటి. రిమైండర్‌లో "రాలేకపోతే 2 అని పంపండి" అనే వీలు ఉండాలి. రాలేనని చెప్పడం వచ్చినంత తేలికైతే ఆ స్లాట్ ఇంకొకరికి వెళ్తుంది.

---

ఓపీ_డాక్టర్ · సోమవారం, రాత్రి 9:40

అందరూ పేషెంట్ వైపు నుంచే మాట్లాడుతున్నారు, బాగుంది. మెసేజ్‌కి జవాబు ఇచ్చేదెవరు అన్నది కూడా ఎవరో ఒకరు అడగాలిగా.

పోర్టల్‌లో (పేషెంట్ లాగిన్ అయ్యి తన రికార్డులు చూసుకునే సైట్) "మీ డాక్టర్‌కి మెసేజ్ పంపండి" అని బటన్ పెట్టడం ఒక్క పూట పని. ఆ తర్వాత ఓపీ అయ్యాక ఇంటికెళ్లి, అన్నం తిని, రాత్రి కూర్చుని ఆ మెసేజ్‌లన్నిటికీ జవాబు రాసేది నేను. కోవిడ్ తర్వాత ఈ మెసేజ్‌ల వరద చాలా దేశాల్లో డాక్టర్లకి పెద్ద తలనొప్పి అయింది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ అనే ఆసుపత్రి 2022 నవంబర్ నుంచి కొన్ని రకాల మెసేజ్‌లకి ఫీజు కూడా మొదలుపెట్టింది. మందు రీఫిల్‌కి, అపాయింట్‌మెంట్‌కి కాదు; డాక్టర్ కూర్చుని రికార్డు చూసి ఆలోచించి జవాబు చెప్పాల్సిన వాటికి. జనం విసుక్కున్నారు. నాకైతే రెండు వైపులా న్యాయం కనిపిస్తుంది.

స్వర్ణలత గారూ, మీ ప్లాన్‌లో "పేషెంట్లతో నేరుగా సంభాషణ" అని ఒక లైన్ రాసేముందు ఆ సంభాషణకి ఎవరి టైమ్ కేటాయిస్తున్నారో కూడా రాయండి. లేకపోతే తాంబూలాలిచ్చేశాం తన్నుకు చావండి అన్నట్టే అవుతుంది.

---

మూడోమంచం · సోమవారం, రాత్రి 11:18

డాక్టర్ గారూ, మీ కష్టం అర్థమవుతుంది. దీర్ఘకాలిక పేషెంట్‌ని కాబట్టి అవతలి ఒడ్డు నుంచి ఒక మాట.

రాత్రి పదింటికి ఫోన్ టింగుమంటుంది. "మీ రిపోర్టు సిద్ధంగా ఉంది." తెరిస్తే పీడీఎఫ్. అందులో ఎర్ర అక్షరాల్లో ఒక అంకె, దాని పక్కన పైకి బాణం గుర్తు. ఇంకో చోట "క్లినికల్ కోరిలేషన్ సూచించడమైనది". అంతే. డాక్టర్‌ని కలిసేది ఎల్లుండి. ఈలోపు గూగుల్ నాకు నాలుగు రోగాలు చెప్తుంది, అందులో మూడు ప్రాణాంతకం.

అయినా సరే, రిపోర్టు నాకు వెంటనే కావాలి. డాక్టర్ చూసేదాకా ఆపి పంపమని నేను ఎప్పటికీ అడగను. నాలాంటివాళ్లే ఎక్కువమంది. అమెరికాలో 2021 ఏప్రిల్ నుంచి పేషెంట్ రికార్డుల్ని తొక్కిపెట్టకూడదని నియమం వచ్చాక ఫలితాలు వెంటనే పోర్టల్‌లో పెడుతున్నారు. నాలుగు వైద్య కేంద్రాల్లో 8,139 మందిని అడిగితే డాక్టర్ ఇంకా చూడకపోయినా సరే వెంటనే కావాలని దాదాపు 96 శాతం మంది చెప్పారు. 2023లో వచ్చిన అధ్యయనం. ఫలితం తేడాగా వచ్చినవాళ్లు ఎక్కువ ఆందోళన పడ్డారు, నిజమే. వాళ్లలోనూ చాలామంది తర్వాతిసారి కూడా వెంటనే కావాలనే అన్నారు.

కాబట్టి ఆపడం గురించి కాదు నా గొడవ. పీడీఎఫ్ పక్కన రెండు వాక్యాలు పెట్టలేరా? "ఈ అంకె కొద్దిగా పెరగడం చాలామందిలో కనిపిస్తుంది. ఇవి ఉంటే మాత్రం వెంటనే రండి: …" అని. రక్తపరీక్ష రాసేటప్పుడే డాక్టర్ "ఇందులో ఇలా వస్తే కంగారు పడకు, అలా వస్తే ఫోన్ చెయ్" అని చెప్తే ఇంకా మేలు. ఆ రాత్రి నేను మీ ఇన్‌బాక్స్‌లో పెట్టే మూడు మెసేజ్‌లూ తగ్గుతాయి.

---

ఓపీ_డాక్టర్ · మంగళవారం, ఉదయం 6:55

ఒప్పుకుంటాను. పరీక్ష రాసేటప్పుడే చెప్పడం అన్నది మంచి మాట. అందరికీ కుదరదు కానీ, కేన్సర్ అనుమానంతో బయాప్సీ పంపేటప్పుడు మాత్రం "ఫలితం మీ ఫోన్‌కే ముందు రావచ్చు. చూస్తారా, నా ముందు చూస్తారా?" అని అడగడం మొదలుపెట్టాలి. కొందరు నా ముందే అంటారు.

డాక్టర్ రాసిన నోట్సుని పేషెంట్‌కి చూపించడం మీద మొదట్లో మాలో చాలామందికి టెన్షన్ ఉండేది. 2010లో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్, పెన్సిల్వేనియాలోని గైజింగర్, సియాటిల్‌లోని హార్బర్‌వ్యూ కలిసి ఓపెన్‌నోట్స్ అని ప్రయోగం మొదలుపెట్టాయి, వందకు పైగా డాక్టర్లతో. పేషెంట్లు భయపడిపోతారు, ఫోన్లు వెల్లువెత్తుతాయి అనుకున్నారు. అదేం జరగలేదు. ఏడాది అయ్యాక నూటికి 99 మంది పేషెంట్లు ఇది కొనసాగించమన్నారు, ఒక్క డాక్టర్ కూడా ఆపేయలేదు.

---

సెక్షన్‌రాజు · మంగళవారం, ఉదయం 8:20

రివ్యూల సంగతి ఎవరూ ఎత్తలేదు. సోషల్ మీడియాలో ఆసుపత్రులు కాలు జారేది ఎక్కువగా అక్కడే.

ఎవరో ఒక స్టార్ ఇచ్చి తిట్టిపోస్తారు. పేజీ చూసే కుర్రాడికి మండిపోతుంది. ఇలా రాస్తాడు: "సార్, మీరు 14వ తేదీన వచ్చినప్పుడు మీ షుగర్ 340 ఉంది. డాక్టర్ అడ్మిట్ అవమన్నా మీరే వినలేదు." వాదన ప్రకారం చూస్తే ఆసుపత్రిదే పైచేయి. చట్టం ప్రకారం చూస్తే ఒక మనిషి జబ్బుని ఊరందరికీ చాటింపు వేశారు. పేషెంట్ తన గురించి తాను ఎంతైనా రాసుకోవచ్చు. అతను రాశాడు కదా అని మనం రాయకూడదు. అంతెందుకు, "మా దగ్గర చూపించుకున్నందుకు ధన్యవాదాలు" అన్నా అతను పేషెంటే అని ధ్రువీకరించినట్టే.

అమెరికాలో ఇలా రివ్యూకి జవాబులో వివరాలు బయటపెట్టినందుకు డల్లస్‌లోని ఒక డెంటల్ క్లినిక్ 2019లో 10,000 డాలర్లు కట్టింది. 2023లో న్యూజెర్సీలోని ఒక మానసిక వైద్య కేంద్రం ఇదే పని చేసి 30,000 డాలర్లు కట్టింది. మానసిక వైద్యం, ఆలోచించండి.

జవాబు ఎలా ఉండాలంటే: "వైద్య విషయాలు బహిరంగంగా మాట్లాడలేం. మీ సమస్య వినడానికి ఈ నంబరులో ఒక మనిషి ఉంటారు." ఆ నంబరులో నిజంగానే మనిషి ఉండాలి, లేకపోతే ఆ జవాబు కింద ఇంకో కామెంట్ పడుతుంది.

ఫోటోల విషయం కూడా. ముఖం బ్లర్ చేశాం కదా అంటారు. వెనక గోడ మీద వైట్‌బోర్డులో మంచం నంబర్లు, పేర్లు కనిపిస్తుంటాయి. మోనిటర్ స్క్రీన్ ఉంటుంది. చేతి మీద పచ్చబొట్టు ఉంటుంది. ఇక అనుమతి పత్రం: ఆపరేషన్‌కి గంట ముందు చేతిలో కాగితం పెట్టి సంతకం చేయమంటే ఎవరు కాదంటారు? కోలుకున్నాక అడగండి, కాదన్నా వైద్యంలో తేడా ఉండదని చెప్పి అడగండి, మనసు మారితే తీసేయమనడానికి దారి కూడా చూపించండి. మేయో క్లినిక్‌లో ఉద్యోగుల సోషల్ మీడియా నియమాలన్నిటినీ ఇంగ్లీషులో పన్నెండు మాటల్లోకి కుదించారు. సారాంశం ఇది: అబద్ధమాడొద్దు, ఆరా తీయొద్దు, మోసం చేయొద్దు, పెట్టింది చెరపలేవు, దొంగిలించొద్దు, బయటపెట్టొద్దు. గోడకి అంటించుకోవచ్చు.

---

కోడ్‌గీత · మంగళవారం, ఉదయం 9:03

మనిషి రాసే కామెంట్ కంటికి కనిపిస్తుంది కాబట్టి పట్టుకుంటాం సెక్షన్‌రాజు గారూ. కనిపించకుండా కారిపోయేదాని సంగతి?

మార్కెటింగ్ టీమ్ వెబ్‌సైట్‌లో ఒక చిన్న కోడ్ ముక్క పెట్టమంటుంది. ప్రకటన చూసి ఎంతమంది వచ్చారో తెలుసుకోవడానికి. దాన్ని పిక్సెల్ అంటారు. 2022 జూన్‌లో ది మార్కప్ అనే వార్తాసంస్థ అమెరికాలోని 100 పేరున్న ఆసుపత్రుల సైట్లు పరిశీలిస్తే 33 చోట్ల మెటా (ఫేస్‌బుక్ కంపెనీ) పిక్సెల్ దొరికింది. ఒక సైట్‌లో డాక్టర్ పేజీలో అపాయింట్‌మెంట్ బటన్ నొక్కగానే ఆ డాక్టర్ పేరు, దానికి ముందు పేషెంట్ వెతికిన పదం ఫేస్‌బుక్‌కి వెళ్లిపోయాయి. ఆ పదం గర్భస్రావానికి సంబంధించినది. అది మరీ దారుణం. కొన్ని చోట్ల లాగిన్ అయ్యాక వచ్చే పోర్టల్ లోపల కూడా పిక్సెల్ ఉంది.

ఆ తర్వాత వరుసగా బయటపడ్డాయి. అడ్వకేట్ అరోరా హెల్త్ 2022లో 30 లక్షల మంది వరకు, కైజర్ పర్మనెంటె 2024లో 1 కోటి 34 లక్షల మంది వివరాలు ఇలా ట్రాకర్ల ద్వారా బయటి కంపెనీలకి వెళ్లి ఉండవచ్చని ప్రకటించుకోవాల్సి వచ్చింది. హ్యాకర్లు కాదు, ఎవరూ తాళం పగలగొట్టలేదు. తలుపు వాళ్లే తీసిపెట్టారు.

స్వర్ణలత గారూ, ప్లాన్ సంగతి తర్వాత. ఈ వారమే మీ ఐటీ వాళ్లని పిలిచి అపాయింట్‌మెంట్ పేజీలో, లాగిన్ పేజీలో, జబ్బుల పేర్లు ఉన్న పేజీల్లో ఏయే ట్రాకర్లు ఉన్నాయో జాబితా అడగండి. ఎవరో ఎప్పుడో పెట్టి వెళ్లిపోయినవి తప్పకుండా దొరుకుతాయి.

---

స్వర్ణలత_పీఆర్ · మంగళవారం, ఉదయం 11:47

కోడ్‌గీత గారూ, అడిగాను. ఇద్దరు ముఖాలు చూసుకున్నారు. జాబితా శుక్రవారం ఇస్తామన్నారు.

ఇంకో ప్రశ్న. డయాలసిస్ పేషెంట్ల కోసం వాట్సాప్ గ్రూప్ పెడదామని ఒక విభాగం అడుగుతోంది. పెట్టొచ్చా?

---

మూడోమంచం · మంగళవారం, మధ్యాహ్నం 12:10

గ్రూప్ విలువ నాకు తెలుసు. డాక్టర్ చెప్పని చిన్న చిన్న విషయాలు తోటి పేషెంట్ చెప్తాడు. దాహం ఎలా ఆపుకోవాలి, ప్రయాణాల్లో ఏం చేయాలి, ఉద్యోగంలో ఎలా చెప్పాలి.

కానీ గ్రూప్‌లో చేర్చిన మరుక్షణం అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. డీపీ, పేరు కూడా. నాకు ఫలానా జబ్బు ఉందని ఆఫీసులో చెప్పుకోని మనిషిని నేను. అదే గ్రూప్‌లో నా ఆఫీసు మనిషి ఉంటే? అడగకుండా చేర్చకండి. లింకు ఇచ్చి, ఇష్టమైతే రమ్మనండి, నంబరు కనిపిస్తుందని ముందే చెప్పండి. ఆసుపత్రి నుంచి కబురు పంపడమే పనైతే ఒక్కొక్కరికీ విడిగా అందే బ్రాడ్‌కాస్ట్ చాలు, గ్రూప్ ఎందుకు?

---

కోణం · మంగళవారం, మధ్యాహ్నం 12:44

గ్రూప్ పెడితే అందులో వైద్యం తెలిసినవాళ్లు ఒకరు రోజూ చూస్తుండాలి. పేషెంట్ల సమూహాలకి ఎంత బలం ఉందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బుని లిథియం నెమ్మదింపజేస్తుందని 2008లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. పేషెంట్స్‌లైక్‌మీ అనే సైట్‌లోని రోగులు కొందరు డాక్టర్ల ద్వారా తామే ఆ మందు వాడటం మొదలుపెట్టారు. అక్కడితో ఆగలేదు, తమ లక్షణాలు ఎలా మారుతున్నాయో సైట్‌లో నమోదు చేశారు. ఆ వివరాలన్నీ పోల్చి చూసి 2011లో నేచర్ బయోటెక్నాలజీ అనే పత్రికలో ప్రచురించారు: లిథియంతో ప్రయోజనం కనబడలేదు. పేషెంట్లు గాలివార్త వెనక పరిగెత్తగలరు, లెక్క రాసిపెడితే అదే గాలివార్తని తేల్చేయగలరు కూడా. మీ వాట్సాప్ గ్రూప్‌లో లెక్క రాసేవాళ్లు ఉండరు కదా, అందుకే ఒక నర్సునో డైటీషియన్‌నో కూర్చోబెట్టండి.

---

అమ్మమ్మ_మనవడు · మంగళవారం, సాయంత్రం 5:32

ఇక్కడ అందరి చేతుల్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నట్టు మాట్లాడుకుంటున్నారు. మా అమ్మమ్మ ఆసుపత్రి కౌంటర్ ముందు నిలబడి ఉంటుంది. ఓటీపీ వచ్చేది నా ఫోన్‌కి. నేను ఆఫీసు మీటింగ్‌లో ఉంటాను. ఓటీపీ చెప్పేదాకా ఆమె పని కదలదు, వెనక లైను విసుక్కుంటుంది. డిజిటల్ రిజిస్ట్రేషన్ అంటే మాకు తెలిసింది ఇది.

పెద్దవాళ్ల తరఫున ఇంకొకరు చూసుకునే ఏర్పాటు పోర్టల్‌లోనే ఉండాలి. పేషెంట్ ఒప్పుకుంటే నా సొంత లాగిన్‌తో ఆమె రికార్డు చూసే వీలు. అది లేకపోతే అందరం చేసేది ఒకటే, పాస్‌వర్డ్ పంచుకోవడం. అప్పుడు ఆమె నాకు చూపించకూడదనుకున్నది కూడా నేను చూసేస్తాను. ఏది కనపడాలో ఏది కనపడకూడదో ఆమె చేతిలో ఉండాలి కదా.

ఇంకా: పోస్టర్ బొమ్మ మీద అక్షరాలు వేసి పంపకండి. కళ్లు సరిగా కనిపించనివాళ్ల ఫోన్ బొమ్మ మీది అక్షరాల్ని చాలాసార్లు సరిగా చదివి వినిపించలేదు. మామూలు టెక్స్ట్‌గా పంపితే వినిపిస్తుంది. లేదా ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్, ఆమె మాట్లాడే భాషలో. అమ్మమ్మ యాప్ తెరవదు కానీ వాయిస్ మెసేజ్ మాత్రం నాలుగుసార్లు వింటుంది, పక్కింటావిడకి కూడా వినిపిస్తుంది. ఆ పక్కింటావిడ సంగతి సెక్షన్‌రాజు గారు చూసుకోవాలి :)

---

చిట్టిబాట్ · మంగళవారం, రాత్రి 8:15

చాట్‌బాట్ మాట ఎవరూ అనలేదేంటి? 2023లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో రెడిట్ అనే చర్చల సైట్‌లో జనం అడిగిన 195 ప్రశ్నలకి డాక్టర్లు రాసిన జవాబులూ చాట్‌జీపీటీ జవాబులూ పక్కపక్కన పెట్టారు. చూసినవాళ్లు దాదాపు 79 శాతం సార్లు బాట్ జవాబే బాగుందన్నారు. సానుభూతి కూడా అందులోనే ఎక్కువ కనిపించిందట. డాక్టర్ గారి రాత్రి పని తగ్గుతుంది కదా?

---

ఓపీ_డాక్టర్ · మంగళవారం, రాత్రి 10:02

ఆ అధ్యయనం నేనూ చదివాను తమ్ముడూ. అక్కడ డాక్టర్లు ముక్కూ మొహం తెలియని మనిషికి, రికార్డు చూడకుండా, తీరిక వేళలో రెండు లైన్లు రాసినవాళ్లు. బాట్ జవాబులు చాలా పొడుగ్గా ఉన్నాయి. పొడుగ్గా రాస్తే శ్రద్ధగా రాసినట్టే కనిపిస్తుంది. ఆ సలహా పాటించాక రోగి బాగుపడ్డాడా లేదా అని అక్కడ ఎవరూ చూడలేదు.

చిత్తుప్రతి రాయించుకుని నేను సరిచేసి పంపడానికి అభ్యంతరం లేదు. నేరుగా వదిలితేనే భయం. అమెరికాలో తిండికి సంబంధించిన మానసిక సమస్యలున్నవాళ్ల కోసం పనిచేసే నీడా అనే సంస్థ 2023లో తన టెస్సా బాట్‌ని తీసేయాల్సి వచ్చింది. బరువు తగ్గడానికి చిట్కాలు చెప్పిందది, ఎవరికి చెప్పకూడదో సరిగ్గా వాళ్లకే.

"ల్యాబ్ ఎన్నింటికి తెరుస్తారు", "పరగడుపున రావాలా" లాంటి వాటికి బాట్ పెట్టుకోండి. కానీ ఎవరైనా "ఛాతీలో నొప్పి, చెమటలు పడుతున్నాయి" అని టైప్ చేస్తే "దయచేసి విభాగాన్ని ఎంచుకోండి" అనకూడదు. ఆ ఒక్క పరీక్ష మీరే స్వయంగా చేసి చూడండి. ఒకసారి తప్పు స్పెల్లింగ్‌తో, ఇంకోసారి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి. జనం అలాగే రాస్తారు.

---

స్వర్ణలత_పీఆర్ · బుధవారం, ఉదయం 9:30

అందరికీ చాలా థాంక్స్. రాత్రి కూర్చుని చిత్తు రాశాను. వార్డు12 గారి డిశ్చార్జ్ మెసేజ్‌లు మొదటి పేజీలో పెట్టాను. ముందుగా మూడు ఆపరేషన్లకే. తర్వాత రిమైండర్లు, రెండు రకాల మాటలతో. రివ్యూలకి జవాబు ఎవరు ఇవ్వాలో, ఎలా ఇవ్వాలో ఒక పేజీ. రిపోర్టు పక్కన రెండు వాక్యాలు అన్నది ల్యాబ్ హెడ్‌కి చెప్తే "చూద్దాం" అన్నారు, మా దగ్గర చూద్దాం అంటే కాదనే అర్థం, అయినా వదలను. వాట్సాప్ గ్రూప్ ప్రస్తుతానికి ఆపాం.

రీల్స్ పూర్తిగా మానేయమంటే డైరెక్టర్ గారు ఒప్పుకోరు, నాకూ మానేయాలని లేదు. కోణం గారి ఎంఆర్ఐ వీడియో తీస్తాం. నెలవారీ రిపోర్టులో ఫాలోవర్ల సంఖ్య కింద ఇంకో మూడు వరసలు చేర్చాను: కామెంట్లలో వచ్చిన ప్రశ్నల్లో ఎన్నిటికి జవాబిచ్చాం, ఎంతసేపటికి ఇచ్చాం, అపాయింట్‌మెంట్‌కి రానివాళ్లు ఎంతమంది. మొదటి నెల ఆ వరసలు చూసి ఎవరికీ నచ్చవని తెలుసు.

వార్డు12 గారూ, ఒక్క అనుమానం. "అర్ధరాత్రయినా ఎత్తుతాం" అని రాశారు కదా, ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉండాలి? రిసెప్షన్‌కి వెళ్తే వాళ్లు వార్డుకి కలుపుతారు, వార్డులో ఎవరూ ఖాళీగా ఉండరు.

---

వార్డు12 · బుధవారం, మధ్యాహ్నం 2:48

రిసెప్షన్ వద్దమ్మా. ప్రతి షిఫ్టుకీ ఇన్‌ఛార్జ్ నర్సు ఉంటుంది, ఆమె దగ్గర ఒక విడి మొబైల్ ఉండాలి. షిఫ్టు మారేటప్పుడు తాళాలతో పాటు అది కూడా చేతులు మారాలి, రిజిస్టర్‌లో సంతకంతో. ఏ లక్షణానికి ఏం చెప్పాలో, ఎప్పుడు డ్యూటీ డాక్టర్‌కి కలపాలో ఒక కాగితం మీద రాసి డాక్టర్ గారితో సంతకం పెట్టించండి, లేకపోతే మా పిల్లలు భయపడి అందరినీ ఎమర్జెన్సీకి రమ్మంటారు. ఆ షిఫ్టులో ఆమెకి మంచాలు రెండు తగ్గించమని కూడా అడగండి. రోస్టర్‌లో ఇదంతా ఎక్కాకే మెసేజ్‌లో నంబరు వేయండి. మా మేట్రన్ గారు ఈ మధ్య మంచి మూడ్‌లో ఉన్నారు, మీ మేట్రన్ సంగతి నాకు తెలియదు.